ఏప్రిల్‌లో క్రాపీ చేప ఒడ్డుకే వస్తుంది, గాలం దూరం విసరకు

అల్లుడూ,

డాలస్ నుంచి అంత దూరం వెళ్లి లవాన్ లేక్ ఒడ్డున రోజంతా కూర్చున్నా ఒక్క క్రాపీ కూడా పడలేదన్నావు. నువ్వు పంపిన ఫొటో చూశాను. బెండు కనిపించనంత దూరంలో ఉంది, చేపలేమో నీ కుర్చీకి పది అడుగుల్లో ఉండి ఉంటాయి. చలికాలంలో అయితే లోతుకి వెయ్యాలి, నిజమే. కానీ మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ అంతా లెక్క వేరు.

నీళ్లు ఫారెన్‌హీట్‌లో 60 డిగ్రీలు దాటగానే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. ముందు మగవి వస్తాయి. నడుం లోతులో, ఒక్కోచోట మోకాలి లోతులో కూడా, పొదల మొదట్లో గట్టి నేల చూసుకుని తోకతో ఊడ్చి గూడు చేసుకుంటాయి. అప్పుడు వాటి ఒళ్లు బాగా నల్లబడుతుంది. ఆడవి వచ్చి గుడ్లు పెట్టి లోతుకి వెళ్లిపోతాయి, కాపలా మగదే. దగ్గరికి ఏదొచ్చినా కరవడానికి వస్తుంది కాబట్టి నీలాంటి కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి టైమ్ ఉండదు. తారీఖు చూసి బయల్దేరకు, చవక థర్మామీటర్ ఒకటి కొనుక్కుని నీళ్లలో పెట్టి చూడు.

చోటు విషయానికొస్తే, ఉత్తరపు ఒడ్డున ఉన్న చిన్న పాయలు ముందు వెచ్చబడతాయి. ఎండ బాగా పడుతుంది, ఉత్తరం గాలి తగలదు. వానలకి లేక్ నిండి ఒడ్డున పొదలు మునిగితే ఇంక వెతకక్కర్లేదు, ఆ పొదల్లోకే దించు. ఉత్త ఇసుక ఒడ్డు కనిపిస్తే ఆగకుండా ముందుకి నడువు, ఒకే చోట అరగంట ఏమీ పడకపోతే లేచి ఇంకో పొద దగ్గరికి పో. చేపలు గుంపుగా గూళ్లు కడతాయి కాబట్టి ఒకటి పడిందంటే అక్కడే ఇంకా ఉంటాయి. పొదల్లో చెయ్యి పెట్టేముందు మాత్రం కళ్లు పెట్టి చూడు, ఆ రోజుల్లోనే కాటన్‌మౌత్ పాములు ఎండకి బయటికి వస్తాయి, కాటు వేస్తే విషం.

సామాను పెద్దగా అక్కర్లేదు. పది అడుగుల కర్ర, ఆరు పౌండ్ల బరువు ఆపే దారం, సన్నటి బెండు, ఎరకి బతికున్న మిన్నోలు, అంటే చిన్న చేపపిల్లలు. మిన్నో దొరక్కపోతే ఔన్సులో పదహారో వంతు బరువున్న జిగ్, అంటే కొక్కెం తలకి బరువు పోసిన ఉత్తుత్తి ఎర, చాలు, నీళ్లు బురదగా ఉంటే పసుపుపచ్చ కలిసిన రంగుది పెట్టు. కొక్కెం సన్న తీగది కొను, కొమ్మకి తగులుకున్నా గట్టిగా లాగితే వంపు విచ్చుకుని వచ్చేస్తుంది, మళ్లీ వంచుకోవచ్చు. మందపాటిది కొన్నావంటే సగం రోజు దారాలు తెంపుకోవడంతోనే సరి.

ఇప్పుడు అసలు సంగతి. క్రాపీ కళ్లు పైకి చూస్తాయి, అది తిండి కోసం కిందికి దిగదు. ఎర దాని తల మీద ఉండాలి, నేల మీద పడుంటే పనికిరాదు. మూడడుగుల నీళ్లలో బెండు కింద అడుగున్నర దారం చాలు. కింద నుంచి వచ్చి ఎరని నోట్లో పెట్టుకుని పైకే ఎత్తుతుంది చాలాసార్లు, అప్పుడు బెండు మునగదు రా, బరువు పోయి నీళ్ల మీద పక్కకి పడుకుంటుంది. నువ్వు మునుగుతుందని చూస్తూ కూర్చుంటే అది మిన్నోని తినేసి వెళ్లిపోతుంది. బెండు పడుకుందా, మణికట్టుతో మెల్లగా ఎత్తు. కొర్రమీనుని లాగినట్టు గుంజావో, దాని పెదవి కాగితమంత పలచన, చిరిగి చేప నీళ్లలోకి, కొక్కెం చెట్టు మీదకి పోతాయి.

చలిగాలి దిగిందంటే ఒడ్డున చేపలుండవు. ఎనిమిది పది అడుగుల లోతుకి జారుకుంటాయి. రెండు మూడు రోజులు ఎండ కాశాక మధ్యాహ్నం పూట వెళ్లు, పొద్దున్నే లేచి పరిగెత్తాల్సిన పని లేదు.

టెక్సస్‌లో 17 ఏళ్లు నిండితే లైసెన్సు ఉండాలి. రే రాబర్ట్స్ లాంటి స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద నుంచి పట్టుకుంటే అక్కర్లేదు గానీ కొలత రూల్ మాత్రం అక్కడా ఉంటుంది. మామూలుగా అయితే 10 అంగుళాలకి తక్కువున్నది వెనక్కి వదిలెయ్యాలి, మనిషికి రోజుకి 25కి మించకూడదు. పాతిక దొరుకుతాయని పాతికా తెచ్చుకోకు, రాత్రి కూర్చుని శుభ్రం చేసేటప్పుడు తెలుస్తుంది. వదిలేవాటిని తడి చేత్తోనే పట్టుకో, ఇంటికి తెచ్చేవాటిని పట్టిన వెంటనే ఐసులో వెయ్.

మీ అమ్మ పులుసు పెట్టమంటుంది, వద్దను. మెత్తటి కండ, చెదిరిపోతుంది. ముళ్లు తీసి బియ్యప్పిండి, కారం, కాస్త అల్లంవెల్లుల్లి పట్టించి వేపుడు చేయించు.

ఈ శనివారం ఉత్తరం గాలి ఉందంటున్నారు, వదిలెయ్. పై వారం వెళ్లు, మిన్నోలు రెండు డజన్లు చాలు.

మీ మావయ్య