తీగ పీకి బీరువాలో పెట్టిన కాపీ ఉందా?

షాపు, మిల్లు, ఆఫీసు కంప్యూటర్ల భద్రత మీద పాఠకుల ఉత్తరాలకు జవాబులు. జవాబులు రాస్తున్నది 1998 నుంచి గుంటూరులో వ్యాపారస్తుల సిస్టమ్‌లు, నెట్‌వర్కులు చూస్తున్న సర్వీస్ ఇంజనీరు. అడిగినవారి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.

*ప్రశ్న: మాకు తాడేపల్లిగూడెం దగ్గర రైస్ మిల్లు ఉంది. సోమవారం పొద్దున గుమస్తా సిస్టమ్ ఆన్ చేస్తే లెక్కలు రాసే ట్యాలీ తెరుచుకోలేదు. ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు చేరాయి. బిట్‌కాయిన్‌లో డబ్బు పంపితే తాళం విప్పుతామని ఇంగ్లీషులో ఒక నోటు ఉంది. బ్యాకప్ పెన్‌డ్రైవ్ సిస్టమ్‌కే పెట్టి ఉండటంతో అదీ పోయింది. మూడేళ్ల లెక్కలు. డబ్బు కట్టేద్దామా, ఫార్మాట్ కొట్టిద్దామా?*

రెండూ వద్దండి. ముందు ఆ సిస్టమ్ వెనక నెట్ కేబుల్ పీకేయండి. మిల్లులో మిగతా సిస్టమ్‌లను కూడా ఒకదానితో ఒకటి కలవకుండా విడదీయండి. పాడైన ఫైళ్లను గానీ ఆ నోటును గానీ చెరపొద్దు. హార్డ్‌డిస్క్ విప్పించి, కవర్లో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి. కొత్త డిస్క్ వేసి పని మొదలుపెట్టుకోండి. ఈ తాళాల్లో కొన్నిటికి ఆరు నెలలకో ఏడాదికో మారు తాళంచెవి బయటికొస్తుంది. డచ్ పోలీసులు, యూరోపోల్ మరికొందరితో కలిసి 2016లో పెట్టిన 'నో మోర్ రాన్సమ్' అనే సైట్ ఉంది. ఒక పాడైన ఫైలు, ఆ నోటు అందులోకి ఎక్కిస్తే అది ఏ రకమో గుర్తుపట్టి, విప్పే సాధనం ఉంటే ఉచితంగా ఇస్తుంది. అన్నిటికీ ఉండదు. అయినా చూడటానికి పైసా ఖర్చు లేదు.

డబ్బు కట్టడం సంగతి. కట్టి ఫైళ్లు తిరిగి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, కట్టాక 'ఇంకొంచెం' అనిపించుకున్నవాళ్లూ ఉన్నారు. దొంగ దగ్గర రసీదు అడగలేం కదా.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. 2018 మిర్చి సీజన్‌లో యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టు యజమాని, "ఇంట్లో కూర్చుని ట్యాలీ చూసుకునేట్టు చెయ్యవయ్యా" అన్నారు. అరగంటలో చేసిచ్చాను. దూరం నుంచి సిస్టమ్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి, 3389 పోర్టు, రౌటర్‌లో బయటి ప్రపంచానికి తెరిచాను. యూజర్ పేరు అడ్మినిస్ట్రేటర్, పాస్‌వర్డ్ కొట్టు పేరు, దాని పక్కన 123. ఆయన మురిసిపోయి కాఫీ ఇప్పించారు. రెండు నెలలు తిరక్కుండానే, ఒక సెలవు రోజు రాత్రి మీకు జరిగిందే అక్కడా జరిగింది. తర్వాత లాగ్, అంటే రాకపోకల చిట్టా, తెరిచి చూస్తే, తెరిచిన మర్నాటి నుంచే రాత్రంతా ఎవరో పాస్‌వర్డ్‌లు వేసి చూస్తూనే ఉన్నారు. మనుషులు కాదు, ప్రోగ్రాములు. ప్రపంచంలో ఏ ఇంటి తలుపు తీసి ఉందా అని తట్టుకుంటూ పోతుంటాయి. మనది గుంటూరా, గుడివాడా అన్నది వాటికి అక్కర్లేదు.

ఆ కొట్టు లెక్కలు మళ్లీ రాయడానికి ఇద్దరు కుర్రాళ్లు, నేను పదకొండు రోజులు కూర్చున్నాం. కాటా చీటీలు, పట్టీ పుస్తకాలు ముందేసుకుని, చుట్టూ మిర్చి టిక్కీల మధ్య తుమ్ముకుంటూ, ఏ రైతుకు ఎంత అడ్వాన్సు ఇచ్చాం, ఎంత ఇవ్వాలి అని ఒక్కో పేరూ ఎక్కించాం. కాగితం ఉండబట్టి బతికాం. అప్పటి నుంచి నేనెవరికీ ఆ పోర్టు తెరవలేదు. మీ మిల్లులో కూడా ఇంటి నుంచి చూసే ఏర్పాటు ఎవరైనా చేసిపెట్టి ఉంటే, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరిపించి, ఆ పోర్టు తెరిచి ఉందేమో చూడండి. దూరం నుంచి చూడటం తప్పనిసరి అయితే వీపీఎన్ (తాళం వేసిన సొంత దారి లాంటిది) పెట్టించుకోండి, దానికి ఓటీపీ కూడా ఉండాలి.

ఇప్పుడు మీ మూడేళ్ల లెక్కలు. అన్నీ పోయాయని అనుకుంటున్నారు గానీ, మీ లెక్కలు మీ ఒక్కరి దగ్గరే లేవు. ముందు మీ ఆడిటర్ గారికి ఫోన్ చేయండి. కిందటేడు ఆడిట్‌కి మీరు పంపిన ట్యాలీ డేటా ఆయన సిస్టమ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. జీఎస్టీ పోర్టల్‌లో మీరు వేసిన అమ్మకాల రిటర్నులు, మీకు సరుకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల వివరాలు ఉంటాయి. ఈ-వే బిల్లులు ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంటు ఎలాగూ ఉంది. ఇవన్నీ కలిపితే చాలా వరకు వస్తుంది. రానిదల్లా నగదు లావాదేవీలు, చేతిరాత బాకీలు.

ఫిర్యాదు కూడా చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాయొచ్చు. ఇలాంటివి జరిగితే తెలిసిన 6 గంటల్లోగా తమకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న సంస్థలకు ఆదేశం ఇచ్చింది. పరువు పోతుందని చాలామంది చెప్పరు. అది తప్పు లెక్క.

ఇక బ్యాకప్. బయట పెట్టుకునే హార్డ్‌డిస్కులు రెండు కొనండి. ఒకటి సోమవారం, ఒకటి గురువారం. కాపీ అవ్వగానే తీగ పీకి, ఒకటి మిల్లు బీరువాలో, ఒకటి ఇంట్లో పెట్టండి. తీగ పీకడమే ఇందులో అసలు పని. మీ పెన్‌డ్రైవ్ పోయింది అది పీకనందుకే. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. సింక్ అంటే ఇక్కడ పాడైంది అక్కడికీ చేరుతుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మేర్స్క్. సముద్రాల మీద కంటెయినర్లు తిప్పే డెన్మార్క్ కంపెనీ. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా నాట్‌పెట్యా అనే వైరస్ వాళ్ల నెట్‌వర్క్‌లోకి దిగింది. మన ముంబై జేఎన్‌పీటీ ఓడరేవులో వాళ్లు నడిపే టెర్మినల్ కూడా ఆగింది. ఎవరు ఏ సిస్టమ్‌లోకి లాగిన్ కావచ్చో చెప్పే సర్వర్లు వాళ్లకి ప్రపంచమంతా వంద పైన ఉన్నాయి. ఒకటి పోయినా మిగతావి ఉంటాయని ధీమా. అవన్నీ ఒకదాన్నొకటి కాపీ చేసుకునేవే కాబట్టి అన్నీ ఒకేసారి పోయాయి. మిగిలింది ఒకే ఒక్కటి, ఘానాలోది. వైరస్ వచ్చిన వేళకి అక్కడ కరెంటు లేదు! నెట్ ద్వారా పంపుదామంటే స్పీడు చాలలేదు. చివరికి ఒకతను ఆ డిస్క్ పట్టుకుని నైజీరియా విమానాశ్రయం దాకా వెళ్లి ఇంకొకరి చేతికిస్తే, అక్కడి నుంచి లండన్ చేరింది. అంత పెద్ద కంపెనీని కరెంటు కోత కాపాడింది. మీకు కోత మీద ఆధారపడే అవసరం లేదు, తీగ మీ చేతిలోనే ఉంది.

నెలకోసారి ఆ డిస్క్‌ని వేరే సిస్టమ్‌కి పెట్టి, ఏదో ఒక పార్టీ లెడ్జర్ తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌లు నేను చాలా చూశాను.

*ప్రశ్న: ఖమ్మంలో చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్ మాది. రక్తపరీక్షల మెషిన్‌కి కలిపిన సిస్టమ్‌లో ఇంకా విండోస్ 7 ఉంది, మార్చితే మెషిన్ పనిచేయదని కంపెనీవాళ్లంటున్నారు. వెయిటింగ్ హాల్లో పేషెంట్లకు వైఫై ఇస్తున్నాం. మా అంత చిన్నవాళ్ల మీద ఎవరు దాడి చేస్తారండీ?*

తలుపు తట్టే ప్రోగ్రాముల సంగతి పైన రాశాను, మళ్లీ చెప్పను. మీరు చూడాల్సింది ఢిల్లీ ఎయిమ్స్ ఉదంతం. 2022 నవంబర్ 23న అక్కడ ఐదు సర్వర్లు తాళం పడి, రెండు వారాల పాటు ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగా భాగాలుగా విడదీయకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అంటే ఇంటికి గదులున్నాయి గానీ గోడల్లేవు.

మీ సెంటర్‌లో కూడా అంతే. హాల్లో కూర్చున్న పేషెంటు ఫోను, మెషిన్ సిస్టమ్, సీసీ కెమెరాల రికార్డర్ (డీవీఆర్), బిల్లింగ్ అన్నీ ఒకే రౌటర్ మీద ఉండి ఉంటాయి. ముందు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయించి పేషెంట్ల వైఫై అటు మార్చండి. ఆ విండోస్ 7 సిస్టమ్‌కి 2020 జనవరి 14 నుంచే అప్‌డేట్‌లు ఆగిపోయాయి. మార్చలేకపోతే మార్చకండి, దానికి ఇంటర్నెట్ మాత్రం తీసేయండి. మెషిన్‌కి రీడింగులు ఇవ్వడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. డీవీఆర్ పాస్‌వర్డ్ బిగించిన కుర్రాడు పెట్టిందే ఉంటే ఈ రోజే మార్చండి. 2016లో అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు ఆగిపోవడానికి కారణమైన మిరాయ్ వైరస్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌ల మీదే బతికింది.

ఇంకొకటి, మీరు అడగలేదు. రిపోర్టులు రిసెప్షన్‌లో అమ్మాయి సొంత ఫోన్‌లో వాట్సాప్ నుంచి పంపుతోందా? ఆమె మానేసి వెళ్తే ఊళ్లో జనం షుగరు, హెచ్‌ఐవీ రిపోర్టులు ఆ ఫోన్‌లోనే వెళ్తాయి. సెంటర్ పేరు మీద ఒక ఫోన్ కొనండి. డేటాను కాపాడటంలో విఫలమైతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చంటోంది. మీకు అంత వేస్తారని కాదు, విషయం ఎంత సీరియస్సో తెలియాలని.

*ప్రశ్న: ధర్మవరంలో చీరల వ్యాపారం. బెంగళూరు పార్టీ నుంచి రేషం తెప్పిస్తాం. 'మా బ్యాంకు ఖాతా మారింది' అని వాళ్ల మెయిల్ వస్తే, ముందు ఒక రూపాయి వేసి చూశాం. చేరిందని మెయిల్‌లోనే జవాబిచ్చారు. 3,80,000 వేశాం. ఇప్పుడు అసలు పార్టీ మాకు రాలేదంటోంది.*

ఈ పత్రిక చూడకముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటారని ఆశిస్తున్నాను. చేయకపోతే చదవడం ఆపి చేయండి, మీ బ్యాంకుకీ చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటేలోపు ఆపగలిగితేనే చేతికొస్తుంది.

రూపాయి పరీక్ష మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఆ రూపాయి చేరింది దొంగకే, చేరిందని చెప్పిందీ దొంగే. ఖాతా మారిందని ఎవరు రాసినా మీ పాత పుస్తకంలో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి మనిషి గొంతు వినండి. మెయిల్ కింద ఇచ్చిన నంబర్‌కి కాదు. మీ ఇద్దరిలో ఒకరి మెయిల్ పెట్టె ఎవరో ముందునుంచే చదువుతూ ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. మీరు పెట్టని అడ్రసు కనిపిస్తే ఫొటో తీసి, తర్వాత తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టుకోండి.

*ప్రశ్న: ఉచిత యాంటీవైరస్ సరిపోతుందా? (తెనాలి)*

విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, అప్‌డేట్‌లు ఆపకపోతే. క్రాక్ చేసిన విండోస్ వేసుకుని, దానికోసం డిఫెండర్ ఆపి, పైన వేలు పోసి యాంటీవైరస్ కొన్నవాళ్లను చూశాను. విండోస్ 10కి కూడా మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయని గమనించండి.

*ప్రశ్న: నేను ఒక హోల్‌సేల్ షాపులో అకౌంటెంట్‌ని. అందరికీ ఒకటే పాస్‌వర్డ్. ఈ-వే బిల్లు ఓటీపీలన్నీ నా సొంత ఫోన్‌కే వస్తాయి, సెలవులో పెళ్లికెళ్లినా ఫోన్లే. మార్చుదామంటే ఓనర్ 'నన్ను అనుమానిస్తున్నావా' అంటారు.*

అమ్మా, అనుమానం ఎటు వస్తుందో ఆయన ఆలోచించలేదు. అందరూ ఒకే పేరుతో ట్యాలీలోకి వెళ్తే, రేపు ఒక బిల్లు దిద్దారని తేలినప్పుడు, ఎవరు దిద్దారో రాసుకునే ఎడిట్ లాగ్‌లో ఒకే పేరు ఉంటుంది. అప్పుడు మొదట అడిగేది అకౌంటెంట్‌నే. ఎవరి లాగిన్ వాళ్లకి ఉంటే మీకూ రక్ష, ఆయనకూ రక్ష. ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఓటీపీ 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ తప్పనిసరి అయింది. అందులోనే సబ్ యూజర్లను చేర్చుకోవచ్చు, ఎవరి ఓటీపీ వాళ్ల ఫోన్‌కి వస్తుంది. అసలు లాగిన్ ఓనర్ గారి నంబర్ మీద పెట్టండి. ఆయన పెళ్లికి వెళ్లినప్పుడు ఆయనకే ఫోన్లు వస్తాయి.

ఈ పేజీ ఆయన బల్ల మీద పెట్టండి. షాపు పేరు, ఊరు వేయలేదు.