కిడ్నీ 9 సెంటీమీటర్లే ఉంటే జబ్బేనా?

ప్రశ్న: మాది బరంపురం. అమ్మకు 66 ఏళ్లు, బీపీ, సుగర్ లేవు. కడుపునొప్పికి తీసిన స్కాన్‌లో కుడి కిడ్నీ 9.1, ఎడమది 9.4 సెం.మీ. అని, ఎడమవైపు ఒక చిన్న సాదా సిస్ట్ (నీటి బుడగ) ఉందని రాశారు. నాన్నకు 70 ఏళ్లు, ఆయన కిడ్నీలు 10.5 సెం.మీ. ఇద్దరికీ క్రియాటినిన్ 1.0. అమ్మ పుట్టిల్లు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి. ఆ జబ్బేమోనని బెంగగా ఉంది.
– ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

జవాబు: ఆ కొలతలు చూసి బెంగపడనక్కర్లేదమ్మా. పెద్దవాళ్ల కిడ్నీలు మామూలుగా 9 నుంచి 12 సెం.మీ. ఉంటాయి. ఒడ్డూపొడుగూ తక్కువ కాబట్టి ఆడవాళ్లవి కాస్త చిన్నవి. ఎడమది కుడిదానికంటే కొంచెం పొడవుండటం కూడా మామూలే. రెండింటికీ తేడా 1.5 సెం.మీ. దాటితే కారణం వెతకాలి. వయసుతో సాదా సిస్టులు రావడం సహజం, అవి మగవాళ్లలోనే ఎక్కువ.

అసలు మార్పు స్కాన్‌కు కనిపించదు. మన నెఫ్రాన్లన్నీ, అంటే ఒక వడపోత గుత్తీ దాని గొట్టమూ కలిసిన చిన్నచిన్న వడపోత యూనిట్లన్నీ, తల్లి కడుపులో 36వ వారానికల్లా తయారైపోతాయి, ఆ తర్వాత కొత్తవి పుట్టవు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దాతలను అమెరికాలో పరిశీలించి 2017లో ప్రచురించిన లెక్క చూడండి. 18–29 ఏళ్లవారిలో ఒక్కో కిడ్నీకి చెడని వడపోత గుత్తులు సుమారు 9.9 లక్షలు, 70–75 ఏళ్లవారిలో 5.2 లక్షలు. దాదాపు సగం పోయినా, అవి ఉండే బయటి పొర పరిమాణం తగ్గింది 16 శాతమే! మిగిలిన నెఫ్రాన్ల గొట్టాలు లావెక్కుతాయి, నడిమధ్య కొవ్వు చేరుతుంది. అందుకే కిడ్నీ పొడవు బాగుందని నిశ్చింతగా ఉండటమూ సరికాదు. రిపోర్టులో బయటి పొర పలచబడిందా, కాలేయం కంటే తెల్లగా కనిపిస్తోందా, లోపలి పొరతో హద్దు చెరిగిపోయిందా అన్నవి చూడండి. ఈ మూడూ వయసువల్ల వచ్చేవని సరిపెట్టుకోకూడదు.

ఇద్దరికీ క్రియాటినిన్ 1.0 అన్నారు. అంకె ఒకటే గానీ అర్థం వేరు. కిడ్నీలు రక్తం నుంచి వడపోసి పంపే వ్యర్థమైన క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది, ఆడవాళ్లకు కండ తక్కువ. 2021లో వచ్చిన లెక్క సూత్రం ప్రకారం నాన్నగారి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంచనా) దాదాపు 81, అమ్మగారిది 62. చాలా ల్యాబులు ‘నార్మల్’ అని రాసి వదిలేస్తాయి, అది నాకు నచ్చదు. 60 కంటే తక్కువ 3 నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక జబ్బంటాం. అమ్మగారిది ఆ గీతకు దగ్గరగా ఉంది కాబట్టి 3 నెలలకు మళ్లీ చేయించండి. ముందురోజు మాంసం వద్దు, ఒంట్లో నీరు తగ్గకుండా చూడండి. వీలైతే సిస్టాటిన్ సీ అనే రక్తపరీక్ష కూడా చేయించండి. దానిపై కండ ప్రభావం తక్కువ.

ఉద్దానం సంగతి: అక్కడి జబ్బు ముందు గొట్టాలనూ వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ పట్టుకుంటుంది. మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు, మొదట్లో లక్షణాలూ ఉండవు. కాబట్టి పొద్దుటి మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్)–క్రియాటినిన్ నిష్పత్తి 30 లోపు ఉన్నా, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. క్రియాటినిన్ పరీక్ష ఏటా తప్పనిసరి.

వయసు మళ్లిన కిడ్నీకి మిగులు బలం తక్కువ. మోకాళ్లనొప్పులకు మందులషాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు, వాంతులూ విరేచనాలూ ఒక్కసారే వస్తే 2, 3 రోజుల్లోనే క్రియాటినిన్ ఎగబాకుతుంది. అలాంటప్పుడు ఆ బిళ్లలు ఆపి, ఓఆర్ఎస్ పట్టించి, వెంటనే డాక్టరుకు చూపించండి.