ఆపమన్నప్పుడే ఆపి ఉంటే...

ప్రశ్న: నా వయసు 33. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఆరేళ్ల పాప ఉంది. రెండు నెలల క్రితం ఓ రాత్రి పాపని పడుకోబెట్టి, నేనూ మావారూ ఇంట్లో ఒక సినిమా చూశాం. ఆయనే పెట్టారు. అందులో ఒక పసివాడిని నీళ్లలో ముంచి చంపే సన్నివేశం ఉంది. చాలాసేపు చూపిస్తారు. "ఆపేయండి" అన్నాను. "ఇంకో అరగంటలో అయిపోతుంది, చివర్లో ఆ దుర్మార్గుడికి శిక్ష పడుతుందిలే" అన్నారు. లేచి వెళ్లలేకపోయాను. పాప ఎప్పుడు లేచొచ్చిందో, చూసేసరికి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అప్పట్నుంచీ ఆ దృశ్యం నన్ను వదలడం లేదు. కుళాయి చప్పుడు వింటే చాలు, కళ్లముందుకొస్తుంది. రాత్రి రెండు మూడుసార్లు లేచి పాప ఊపిరి తీస్తోందో లేదో చూస్తున్నాను. పాపేమో ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లనంటోంది, తలస్నానం అంటే ఒకటే ఏడుపు. మావారు మొదట నవ్వారు. ఇప్పుడు "సినిమాకి ఇంత రాద్ధాంతమా" అని విసుక్కుంటున్నారు. అదంతా ఉత్తుత్తిదేనని నాకూ తెలుసు. ఎలా తీశారో వీడియోలు వెతికి మరీ చూశాను, అయినా తగ్గలేదు. ఇక మీతో కూర్చుని ఏ సినిమా చూడనన్నాను, దానికి ఆయనకు కోపం. చూసినదాన్ని చూడనట్టు చేసుకునే దారి ఉందా? నా మనసు మరీ ఇంత బలహీనమా? చిన్నప్పుడు మా తమ్ముడు నీళ్లలో పడి పోయాడు. అప్పుడు వాడికి ఐదేళ్లు, నాకు తొమ్మిది. ఎప్పటి సంగతో అది. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి.

జవాబు: మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర ఆగిపోయాను. సంబంధం లేదని మీరు నిజంగా అనుకుని ఉంటే అది రాసేవారే కాదు. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరు అడిగినవాటి సంగతి చూద్దాం.

ఎందుకు చూశానురా అనిపించిన సినిమాలు అందరికీ ఉంటాయి. వాటిలో చాలామటుకు "రెండున్నర గంటలు దండగ" అని నలుగురిలో చెప్పుకుని నవ్వుకునేవే. ఆ రకం గురించి నాకెవరూ ఉత్తరం రాయరు. రెండో రకం ఉంది, దాని గురించి ఎవరితోనూ చెప్పుకోరు. చెబితే ఆ దృశ్యం అవతలివాళ్ల బుర్రలోకీ ఎక్కుతుందేమోనని కొందరి బెంగ. "ఇంతా చేసి సినిమాకా!" అంటారేమోనని మిగతావాళ్ల బెంగ. నాకూ ఒకటుంది. పదకొండేళ్లప్పుడు పెద్దవాళ్ల వెనక నక్కి కూర్చుని చూశాను. ఆ తర్వాత కొన్ని నెలలపాటు గదిలో అద్దం మీద తువ్వాలు కప్పితే తప్ప నిద్ర పట్టేది కాదు. ఆ సినిమా కథ ఇప్పుడు గుర్తు లేదు, అద్దం మాత్రం గుర్తుంది.

1999లో అమెరికాలో నూటయాభై మందికి పైగా కాలేజీ విద్యార్థులను ఈ విషయం అడిగి చూశారు. చిన్నప్పుడో, కాస్త పెద్దయ్యాకో తెర మీద చూసినదానికి బాగా భయపడి, ఆ భయం సినిమా అయిపోయాక కూడా కొన్నాళ్లు వెంటాడిందని పదిమందిలో తొమ్మిదిమంది చెప్పారు. నాలుగో వంతు మందికి అది అడిగిన రోజు వరకూ పూర్తిగా పోలేదు. కాబట్టి బలహీనత అనే మాట పక్కన పెట్టండి.

ఉత్తుత్తిదని తెలిసినా ఎందుకు తగ్గదు? 1960లో వచ్చిన 'సైకో'లో షవర్ కింద హత్యకు గురయ్యే పాత్ర వేసిన జానెట్ లీ, ఆ సన్నివేశాన్ని తెర మీద చూశాక షవర్ స్నానమే మానేశానని తర్వాత చెప్పుకున్నారు. ఆ కత్తి ఎలాంటిదో, ఆ రక్తం ఏమిటో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లెవరు? కన్ను చూసిందాన్ని బుద్ధి విచారించి తీర్పు చెప్పేలోపే ఒళ్లు జవాబిచ్చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, భయపడ్డప్పుడు ఒంట్లో ఊరే రసాయనాలు రక్తంలోకి వచ్చేస్తాయి. అవి ఉన్న సమయంలో చూసింది మామూలు జ్ఞాపకంకంటే గట్టిగా నాటుకుంటుంది. ఇది నిజం కాదన్న సంగతి నెమ్మదిగా, వెనకాల నడిచి వస్తుంది. అందుకే ఎలా తీశారో చూపించే వీడియోలు మీకు పనికిరాలేదు. వెతికిన ప్రతిసారీ ఆ దృశ్యాన్ని మరోసారి చూసినట్టే అయింది. అవి ఇక చాలించండి.

చూసినదాన్ని చూడనట్టు చేసుకునే దారి లేదు. కోతిని తలచుకోకుండా మందు తాగమన్నట్టే ఉంటుంది అది. ఈ కోతి సంగతిని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో పరీక్షకు పెట్టాడు. ఆయన కోతికి బదులు తెల్ల ఎలుగుబంటిని తీసుకున్నాడు. ఐదు నిమిషాలు దాన్ని తలచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఇక తలచుకోవచ్చని చెబితే, మొదటినుంచీ స్వేచ్ఛగా తలచుకున్నవాళ్లకంటే వీళ్లకే అది ఎక్కువసార్లు తలపుకొచ్చింది. మీరు రెండు నెలలుగా ఆ దృశ్యాన్ని గెంటేస్తున్నారు. గెంటాలంటే అది వచ్చిందో లేదో కాపలా కాయాలి కదా, ఆ కాపలాయే దాన్ని పిలుస్తోంది.

వచ్చినప్పుడు రానివ్వండి. "అదిగో, ఆ సినిమా ముక్క" అని పైకి అనండి, చేస్తున్న పని మానకండి. దాంతోపాటు చిన్న ప్రయత్నం ఒకటి చేయొచ్చు. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో 40 మందికి గాయాలూ చావులూ ఉన్న దృశ్యాలు చూపించి, అరగంట తర్వాత సగం మంది చేత పది నిమిషాలు టెట్రిస్ ఆడించారు. అదే, పైనుంచి పడే ముక్కల్ని తిప్పి పేర్చే పాత వీడియో ఆట. ఆడినవాళ్లకు ఆ వారంలో ఆ దృశ్యాలు తక్కువసార్లు గుర్తుకొచ్చాయి. 2015లో మరో ప్రయోగంలో, చూసిన మర్నాడు ఆ దృశ్యాన్ని కాసేపు గుర్తు చేసి ఆ తర్వాత ఆడించినా ఫలితం కనబడింది. బొమ్మల్ని మనసులో నిలుపుకునే చోటు ఇరుకు. ముక్కల్ని తిప్పుతూ పేర్చడం ఆ చోటును ఆక్రమిస్తే భయం బొమ్మకు నిలవడానికి జాగా చాలదని పరిశోధకుల వివరణ. రెండు నెలలు పాతబడ్డ జ్ఞాపకం మీద అంతే పని చేస్తుందని మాట ఇవ్వను. చేసి చూస్తే నష్టం లేదు. టెట్రిసే కానక్కర్లేదు, కళ్లూ చేతులూ కలిసి పనిచేసే బొమ్మల ముక్కలు పేర్చడమో, అల్లికో అయినా సరే.

రాత్రి లేచి పాప ఊపిరి చూడటం సంగతి వేరు. చూడగానే ఒక్క నిమిషం హాయిగా ఉంటుంది, ఆ హాయి కోసమే గంట తర్వాత మళ్లీ మెలకువ వస్తుంది. మూడుసార్లు ఉన్నది రెండు చేయండి, కొన్నాళ్లకు ఒకటి చేయండి. పడుకోబోయే ముందు చూసిందే ఆ రాత్రికి చివరిది కావాలి.

ఇప్పుడు పాప. "అది నిజం కాదమ్మా" అన్న మాట ఆరేళ్ల వయసుకు పెద్దగా ఆనదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలకు కంటికి కనబడిందే భయం, వివరణ ఆ పైన ఆసరాకొస్తుంది. ఈ వయసులో పనిచేసేవి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, గదిలో చిన్న దీపం, పట్టుకోవడానికి ఒక బొమ్మ. ఏం చూసిందో ఒక్కసారి అడగండి, బొమ్మ గీయమన్నా సరే. రోజూ అడగకండి. గుమ్మంలో నిలబడి అది చూసింది అర నిమిషమే కావచ్చు, దానికి అర్థమైన కథ మీరు చూసినది కాకనూ పోవచ్చు. నాకున్న అనుమానం ఇంకొకటి. ఈ రెండు నెలలూ అది కుళాయి దగ్గర మీ మొహం చూస్తోంది. అమ్మ మొహంలో భయం కనబడితే పిల్లలు కారణం అడగరు, తామూ భయపడతారు.

అందుకని కొన్నాళ్లు తలస్నానం వాళ్ల నాన్నకు అప్పగించండి. మొదట బొమ్మకు పోయించాలి. తర్వాత మగ్గు పాప చేతికే ఇవ్వాలి, తన భుజం మీద తనే పోసుకోవాలి. తల మాట ఇంకా తర్వాత. ఒకటే షరతు, పాప "ఆపు" అన్న క్షణాన ఆపాలి. ఇంకొక్క చెంబే, అయిపోయింది అనకూడదు. ఆపమంటే ఆగుతుందని తెలిసిన పిల్ల తనంతట తనే ఇంకాసేపు ఉంటుంది.

ఇది మీవారి చేత చేయించమనడానికి కారణం ఈపాటికి మీకు తట్టే ఉంటుంది. ఆ సినిమా పెట్టడం ఆయన తప్పని నేననను. అందులో ఏముందో ఆయనకూ తెలిసి ఉండదు. ఆపమన్నా ఆపకపోవడం మాత్రం తప్పే. మీ కోపం అక్కడుందని మీ ఉత్తరమే చెబుతోంది. సన్నివేశం గురించి నాలుగు ముక్కలు రాసి, ఆయనన్న మాటను మాత్రం పొల్లుపోకుండా రాశారు. చివర్లో శిక్ష పడితే ముందు చూసింది చెరిగిపోతుందా? (ఆ దుర్మార్గం ఎంత ఘోరమో తెలియడానికి కెమెరా అంతసేపు అక్కడే నిలవాలా అన్నది నా సొంత సందేహం. తలుపు మూసేసి ఊరుకున్న దర్శకులూ ఉన్నారు, ఆ మూసిన తలుపులూ గుర్తుండిపోయాయి.) మొదలుపెట్టాం కాబట్టి చివరిదాకా చూడాలన్న పట్టింపు కూడా మనల్ని కూర్చోబెడుతుంది. మీరు లేచి వెళ్లలేకపోయింది అందుకే కావచ్చు, మరో కారణమూ ఉందని నా ఊహ.

"ఇక మీతో ఏ సినిమా చూడను" అన్నది ఆయన చెవికి శిక్షలా వినబడుతుంది. దాని బదులు ఒక నియమం పెట్టుకోండి. ఇద్దరిలో ఎవరు ఆపమన్నా అక్కడితో ఆపాలి. ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. మిగతాది చూడాలనుకున్నవాళ్లు మరో రోజు ఒంటరిగా చూసుకోవచ్చు. ఆయన ఒప్పుకోకపోతే, అప్పుడు మీరు చూడనన్నా తప్పు లేదు.

ఇక ఆ చివరి మాట.

మానసిక వ్యాధుల నిర్ధారణకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన గ్రంథంలో ఒక గీత గీశారు. ఉద్యోగరీత్యా చూడాల్సి వస్తే తప్ప, టీవీలోనో సినిమాలోనో చూసిన ఘోరాన్ని పీటీఎస్‌డీకి, అంటే ఏదైనా ఘోరం తర్వాత దాని జ్ఞాపకాలు వదలకుండా వెంటాడే మానసిక వ్యాధికి, కారణంగా లెక్కించరు. మీవారు ఇది చదివితే "చూశావా!" అంటారు. అదే గ్రంథం అయినవాళ్లు ప్రమాదంలో పోవడాన్ని మాత్రం లెక్కిస్తుంది, కళ్లారా చూసినా, కబురుగా విన్నా. ఆ సినిమాలో పిల్లాడు పసివాడు. మీ తమ్ముడు ఐదేళ్లవాడు. మీ పాపకు ఆరు. ఆపమన్నప్పుడు మీరు చూస్తున్నది తెర మీది పిల్లాడినే అని నాకనిపించడం లేదు.

మీ తమ్ముడు పోయిన రోజు మీరు అక్కడ ఉన్నారో లేదో రాయలేదు. నాకు చెప్పనక్కర్లేదు. ఒక మనస్తత్వ నిపుణుల దగ్గర కూర్చుని చెప్పుకోవలసిన సంగతి అది. నెల దాటినా నిద్ర చెడుతూ, నీళ్ల చప్పుడుకే ఒళ్లు బిగుసుకుంటోందంటే చూపించుకోవడానికి ఆ రెండూ చాలు. వెళ్లినప్పుడు సినిమాతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోకండి, తమ్ముడి సంగతి మొదటి రోజే చెప్పండి.

మీవారికి ఈ విషయం ఎంతవరకు తెలుసు? చిన్నప్పుడే ఒక తమ్ముడు పోయాడని పెళ్లైన కొత్తలో ఒకసారి విని ఉంటారు, ఎలా అన్నది అడిగి ఉండరు, మీరూ చెప్పి ఉండరు. నా ఊహ తప్పైతే, అన్నీ తెలిసే నవ్వారంటే, అది వేరే ఉత్తరం, తప్పకుండా రాయండి. తెలియకపోతే మాత్రం, ఆయన నవ్వింది ఒక సినిమాకి. టీవీ ఆపేసి, పాప పడుకున్నాక, ఆయన్ని దగ్గర కూర్చోబెట్టుకోండి. ఆ రాత్రి ఎవరిది తప్పన్న మాట ఎత్తకండి, ఆ రోజు ఏం జరిగిందన్నదీ ముందే వద్దు. మీ ఉత్తరంలో ఆ పిల్లాడి గురించి వయసొక్కటే ఉంది. వాడికి ఏ ఆటంటే ఇష్టమో, మిమ్మల్ని ఏమని పిలిచేవాడో, దేనికి నవ్వేవాడో ఎక్కడా లేదు. అవి చెప్పండి ముందు.