మగవాడిని, షుగర్ ఉంది.. బెర్లిన్‌లో హై హీల్స్ వేసుకుని నడవొచ్చా డాక్టర్?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 84 కిలోలు. నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈ మధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7.2 వచ్చింది. మేం శాకాహారులం. కాలేజీ రోజుల నుంచీ నాకు హై హీల్స్ అంటే ఇష్టం. ఇంట్లో తలుపేసుకుని వేసుకోవడమే తప్ప వాటితో గడప దాటింది లేదు. నా భార్యకు తెలుసు, తనకు అభ్యంతరం లేదు. జూలైలో ఇద్దరం పది రోజులు బెర్లిన్ వెళ్తున్నాం, ఇంకా ఎనిమిది వారాల టైముంది. అక్కడైనా హీల్స్ వేసుకుని వీధిలో ధైర్యంగా నడవాలని ఉంది. ఆరేళ్ల కింద షటిల్ ఆడుతుంటే ఎడమ చీలమండ బెణికింది, ఇప్పటికీ అప్పుడప్పుడు మడతపడుతుంది. ఎన్ని అంగుళాల వరకు వేసుకోవచ్చు? మోకాళ్లు అరిగిపోతాయా? అసలు ఇది మానసిక జబ్బా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు ఆఖర్న అడిగిన దానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ అనుమానం మనసులో పెట్టుకుని నడిస్తే నేను చెప్పే మిగతావేవీ పని చేయవు. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పాత సంచికలో, మగవాళ్లు ఆడవాళ్ల దుస్తులు వేసుకోవడం మీద ఒకటి రెండు జబ్బుల పేర్లు ఉండేవి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న కొత్త సంచిక ఐసీడీ-11లో వాటిని తీసేశారు. మీకు నచ్చిన చెప్పులు మీరు వేసుకుంటున్నారు, మీ ఆవిడకు తెలుసు, ఎవరికీ నష్టం లేదు. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. ఇన్నేళ్లు దాచుకోవడం వల్ల మనసు నలిగిపోయి నిద్ర పట్టడం లేదనో, దిగులుగా ఉంటోందనో అనిపిస్తే మాత్రం కౌన్సెలర్‌తో మాట్లాడండి. అప్పుడు కూడా మాట్లాడాల్సింది ఆ దిగులు గురించి.

మడమ ఎత్తు చెప్పులు మొదట మగవాళ్లవే. గుర్రం మీద రికాబులో కాలు జారకుండా పర్షియా రౌతులు వేసుకునేవాళ్లు, అక్కడి నుంచి యూరప్ వెళ్లాయి, ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఎర్ర మడమల బూట్లు వేసుకుని బొమ్మలు గీయించుకున్నాడు. ఇక మీరు వెళ్లే ఊరి సంగతి, డాక్టర్‌గా నాకు ఇష్టమైన సంగతి, ఒకటి చెప్పాలి. నూరేళ్ల కిందటే బెర్లిన్‌లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టర్ ఇలాంటి వాళ్ల పక్షాన నిలబడ్డాడు. వేరే వేషంలో వీధిలోకి వస్తే పోలీసులు పట్టుకోకుండా, డాక్టర్ సిఫారసు చేస్తే పోలీసు శాఖే ఒక కార్డు ఇచ్చే పద్ధతి అక్కడ ఉండేది. ఆయన 1919లో పెట్టిన లైంగిక శాస్త్ర పరిశోధన సంస్థను 1933 మేలో నాజీలు దోచుకుని, అందులోని పుస్తకాలు తగలబెట్టారు. ఇవాళ అదే ఊళ్లో నోలెన్‌డార్ఫ్‌ప్లాట్జ్ మెట్రో స్టేషన్ గోపురానికి రాత్రిపూట ఇంద్రధనుస్సు రంగుల లైట్లు వేస్తారు, ఎల్‌జీబీటీ వాళ్ల గుర్తు ఆ రంగులే. ఆ స్టేషన్ ఉన్న షోనెబెర్గ్ పేట వీధుల్లో మీ కాళ్ల వైపు ఎవరూ తేరిపార చూడరు. జర్మనీలోనే మార్క్ బ్రయాన్ అనే అమెరికన్ ఇంజినీర్ స్కర్ట్, హై హీల్స్ వేసుకుని మామూలుగా ఉద్యోగానికి వెళ్లేవాడు, భార్యా పిల్లలున్న మనిషి, ఫొటోలు చాలామంది చూసే ఉంటారు.

ఇక పాదాల దగ్గరికి వద్దాం, నాకు అసలు టెన్షన్ అక్కడే. మీ ఉత్తరంలో నన్ను ఆపినవి రెండే మాటలు, షుగర్ ఒకటి, మడతపడే చీలమండ రెండోది.

షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అరికాలి నరాలు నెమ్మదిగా మొద్దుబారతాయి. హీల్ వేసుకున్నప్పుడు ఒంటి బరువులో ఎక్కువ భాగం పాదం ముందు భాగం మీద, వేళ్ల కింది మెత్తని చోట పడుతుంది. అక్కడ ఒరుసుకుంటే మామూలు మనిషికి మంట పుడుతుంది, చెప్పు తీసేస్తాడు. నరం మొద్దుబారిన మనిషికి మంట తెలియదు, సాయంత్రం దాకా నడిచేస్తాడు, రాత్రి చూసుకుంటే పొక్కు చితికి ఉంటుంది, అదే పుండవుతుంది. అలా మొదలైన చిన్న పొక్కు చివరకు వేలు తీసేసే దాకా వెళ్లిన కేసులు నేను చూశాను. అందులో హీల్స్ కేసు ఒక్కటీ లేదు, కొత్త బూట్లు, బిగుతు శాండల్స్, అంతే. కాబట్టి ఈ వారంలోనే పాదాల పరీక్ష చేయించుకోండి. సన్నని నైలాన్ దారం లాంటి మోనోఫిలమెంట్‌తో అరికాలి మీద అక్కడక్కడ తాకించి తెలుస్తోందా అని అడుగుతారు, ఐదు నిమిషాల పని, నొప్పి ఉండదు. పాదంలో నాడి ఎలా కొట్టుకుంటోందో కూడా చూస్తారు. దాంతోపాటు విటమిన్ బీ12 చేయించండి, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో అది తగ్గొచ్చు, పైగా మీరు శాకాహారులు, బీ12 తగ్గినా కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, జనం దాన్ని కూడా షుగర్ ఖాతాలో వేసేస్తుంటారు. పరీక్షలో స్పర్శ తగ్గినట్టు తేలితే ఈ ప్రయాణంలో హీల్స్ వద్దు. ఇందులో బేరం లేదు.

స్పర్శ బాగుందంటే ముందుకెళ్దాం.

చీలమండ ఎందుకు మడతపడుతుందో తెలిస్తే చెప్పు ఎలా ఎంచుకోవాలో మీకే అర్థమవుతుంది. కింది కాలి ఎముకలు రెండూ కలిసి ఒక గూడులా ఉంటాయి, అందులో టాలస్ అనే ఎముక ఇమిడి ఉంటుంది. అది ముందు వైపు వెడల్పు, వెనక వైపు సన్నం. పాదం నేల మీద చదునుగా ఉన్నప్పుడు వెడల్పు భాగం గూట్లో బిగిసి కూర్చుంటుంది. మడమ లేచినకొద్దీ సన్న భాగం గూట్లోకి వస్తుంది, కీలు వదులవుతుంది, పాదం లోపలికి తిరగడానికి సందు దొరుకుతుంది. మీకు షటిల్‌లో సాగిన లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టుకునే పట్టీ) బయటి వైపుది అయి ఉంటుంది, ఎక్కువ మందికి పోయేది అదే, ఆ తర్వాత వ్యాయామం చేయకపోతే అది వదులుగానే ఉండిపోతుంది. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు స్నేహితురాలి పెళ్లిలో పాలరాయి మెట్ల మీద హీల్ జారి కాలు ఇలాగే బెణికింది, కట్టు కట్టుకుని రెండో రోజే డ్యూటీకి పరిగెత్తాను, మళ్లీ ధైర్యంగా మెట్లు దిగడానికి ఏడాది పట్టింది. అందుకే వ్యాయామం విషయంలో కాస్త గట్టిగా చెబుతాను.

మొదటి రెండు వారాలు హీల్స్ ముట్టుకోకండి. గోడ పక్కన ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే అర నిమిషం నిలబడండి, రోజుకు ఐదారుసార్లు, అలవాటయ్యాక కళ్లు మూసుకుని. మెట్టు అంచున పాదం ముందు భాగం పెట్టి మడమలు పైకి లేపి, చాలా మెల్లగా కిందికి దించండి, పదిహేను చొప్పున మూడుసార్లు. రబ్బరు బ్యాండ్ పాదానికి తగిలించి పాదాన్ని బయటి వైపుకు లాగే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక్కసారి నేర్చుకుని ఇంట్లో చేయండి, చీలమండను మడతపడకుండా పట్టుకునే కండరాలకు బలమిచ్చేది అదే. మూడో వారం నుంచి 2 అంగుళాల హీల్‌తో ఇంట్లో ఇరవై నిమిషాలు, తర్వాత అరగంట, తర్వాత గంట. అప్పటికి కాలు ఎక్కడా మడతపడకపోతే 3 అంగుళాల లోపు ఏదైనా వేసుకోవచ్చు. అంతకు మించి ఈ ట్రిప్‌లో వద్దు, 84 కిలోల బరువు, పాత బెణుకు రెండూ ఉన్నాయి కదా. ఒకవేళ ముందు అట్ట కూడా మందంగా ఉన్న చెప్పయితే వెనక ఎత్తులోంచి ముందు మందం తీసేసి లెక్క చూసుకోండి, పాదం వంపు ఆ తేడాను బట్టే ఉంటుంది.

ఇప్పుడు చెప్పు. సూది మడమ వద్దు, దిమ్మలాంటి మడమ ఉన్నది, చీలమండ చుట్టూ పట్టీ ఉన్నది తీసుకోండి, లేసులు కట్టే పొడవు బూటయితే ఇంకా మంచిది. బల్ల మీద పెట్టి మడమను వేలితో తోయండి, ఊగితే వద్దు. రెండు చేతులతో మధ్యలో వంచి చూడండి, వంగితే వద్దు, అక్కడ లోపల ఉక్కు పట్టీ ఉండాలి, మన బరువుకు అది లేకపోతే మడమ విరుగుతుంది. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడే సైజు చూసుకోండి. కాగితం మీద పాదం గీసుకుని దాని మీద చెప్పు పెడితే గీత బయటికి కనపడకూడదు. మగవాళ్ల పాదం వెడల్పు, యూరప్ సైజుల్లో మీకు 43 దాకా ఉండొచ్చు, ఆడవాళ్ల చెప్పులు చాలా దుకాణాల్లో 41 దగ్గరే ఆగిపోతాయి. కుదించుకుని ఇరికించకండి. బెర్లిన్‌లో కొనాలనుకుంటే ఊబర్‌గ్రోసెన్ అని అడగండి, పెద్ద సైజులు అని అర్థం, మగవాళ్లు అడిగినా మామూలుగానే చూపిస్తారు. కానీ అక్కడ కొన్న కొత్త జతతో రోజంతా తిరగొద్దు. అడుగు తోలుదైతే ఇక్కడే చెప్పులు కుట్టే అతని దగ్గర రబ్బరు షీటు వేయించుకోండి, జూలైలో అక్కడ వానలు పడతాయి, తడి రాయి మీద తోలు జారుతుంది.

విమానం దిగిన రోజు హీల్స్ వద్దు. హైదరాబాద్ నుంచి మధ్యలో మారి వెళ్లేసరికి పాదాలు ఉబ్బి ఉంటాయి. సీట్లోంచి గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, ఒక పిక్క వాచి నొప్పిగా ఉంటే తాత్సారం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

బెర్లిన్ ఫుట్‌పాత్‌లు చూస్తే మీకు విషయం తెలుస్తుంది. చాలా పాత వీధుల్లో మధ్యలో పెద్ద గ్రానైట్ పలకలు, వాటికి రెండు వైపులా గులకరాళ్లంత చిన్న రాళ్లు పరిచి ఉంటాయి. పలకల మీదే నడవండి. ఎదుటివాళ్లకు దారి ఇవ్వాలంటే ఆగి పక్కకు జరగండి, నడుస్తూ చిన్న రాళ్ల మీదికి దిగకండి. తూర్పు వైపు ట్రామ్ పట్టాలు దాటేటప్పుడు అడుగు పట్టాకు అడ్డంగా పడాలి, మెట్రో గాలి జాలీల మీద అసలు కాలు పెట్టొద్దు, ఎస్కలేటర్‌లో రెయిలింగ్ పట్టుకుని నిలబడండి. మొదటిసారి సాధన కోసం ఒక చోటు చెబుతాను, టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయం. 2008లో మూసేశారు, 2010లో జనం కోసం తెరిచారు, దాదాపు 2 కిలోమీటర్ల రన్‌వే, నున్నని తారు, సైకిళ్లూ స్కేట్లూ గాలిపటాలూ తప్ప ఏమీ ఉండవు. ఒక సాయంత్రం అక్కడ అరగంట నడవండి, ఆ తర్వాత వీధిలోకి.

ధైర్యం గురించి అడిగారు. హీల్స్‌లో జనం పడేది ఎత్తు వల్ల కంటే భయం వల్లే ఎక్కువ అని నా అభిప్రాయం. ఎవరైనా చూస్తున్నారేమో అన్న భయంతో తల కిందికి దించుతారు, మోకాళ్లు వంచుతారు, భుజాలు బిగబట్టి గబగబా నడుస్తారు, ఆ వంగిన మోకాలి మీదే భారం పడుతుంది, కాలు తడబడుతుంది. తల ఎత్తి పది అడుగుల ముందుకు చూడండి. అడుగు చిన్నది వేయండి. మడమ ముందు ఆనాలి, వెంటనే పాదం ముందు భాగం, మోకాలు పూర్తిగా చాపుకోవాలి. మోకాళ్లు అరిగిపోతాయా అన్నారు కదా, పది రోజుల్లో రోజుకు రెండు మూడు గంటలు వేసుకుంటే అరగవు. ఏళ్ల తరబడి రోజంతా వేసుకునేవాళ్లకు పిక్క కండరం పొట్టిపడి మామూలు చెప్పులతో నడిస్తే మడమ వెనక లాగుతుంది, అందుకే హీల్స్ విప్పిన ప్రతిసారీ గోడను నెడుతూ పిక్కను అర నిమిషం చొప్పున మూడుసార్లు సాగదీయండి. సంచిలో ఒక జత పలచని మామూలు చెప్పులు ఎప్పుడూ ఉండాలి.

ఎంత స్నేహంగా ఉండే ఊరైనా అర్ధరాత్రి తాగి తిరిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా హీల్స్‌తో నడవకండి, ట్యాక్సీ ఎక్కేయండి. మీరు బీరు తాగిన సాయంత్రం కూడా మామూలు చెప్పులే, తూలడం ఒక కారణం, షుగర్ పడిపోయినా తెలియకపోవడం మరొకటి.

ప్రతి రాత్రీ అరికాళ్లు, వేళ్ల సందులు మీ ఆవిడను ఫోన్ లైటు వేసి చూడమనండి. పొక్కు వస్తే చిదమొద్దు, ఎర్రని ఆంగ్ల ‘ఏ’ అక్షరం బోర్డున్న మందుల షాపులో పొక్కుల ప్లాస్టర్ దొరుకుతుంది, చర్మం ఊడితే మాత్రం ప్లాస్టర్‌తో సరిపెట్టకుండా డాక్టర్‌కు చూపించాలి. కాలు బెణికితే ఐస్‌ను గుడ్డలో చుట్టి పెట్టండి, కట్టు కట్టి కాలు ఎత్తులో పెట్టుకోండి. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ పక్క ఎముకల మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఎమర్జెన్సీకి 112, మామూలు డాక్టర్ కోసం 116117. షెంజెన్ వీసాకు తీసుకునే ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉంటుంది, ఆ కాగితం ఫోన్‌లో పెట్టుకోండి. అవమానంగా ఉంటుందని ‘మెట్ల మీద జారాను’ అని డాక్టర్‌కు చెప్పకండి, హీల్స్‌తో పడ్డానని ఉన్నదున్నట్టు చెప్పండి, కాలు ఏ వైపు తిరిగిందో తెలిస్తేనే ఏ లిగమెంట్ చూడాలో వాళ్లకు తెలుస్తుంది.

మోనోఫిలమెంట్ పరీక్ష, బీ12 రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి. ఇంకో మాట, వీధిలో నడిచేటప్పుడు మీ ఆవిడను మీకు ఎడమ వైపున నడవమనండి, తడబడే కాలు అటు వైపే కదా, చేయి అందేంత దగ్గరలో.