కొత్త మేనేజరులో ఏం చూడాలి?

ప్రశ్న: ఫుట్‌బాల్ క్లబ్ కొత్త మేనేజరును, అంటే ప్రధాన కోచ్‌ను, ఎంచుకునేటప్పుడు గెలిచిన కప్పులు చూడాలా, అనుభవం చూడాలా?

జవాబు: రెండింటికన్నా ముందు, చేతిలో ఉన్న ఆటగాళ్లతో అతడు ఏం చేయగలడో చూడాలని నా దృఢాభిప్రాయం. 2013లో దీర్ఘకాల మేనేజరు ఫెర్గూసన్ విరమించాక ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్, అక్కడి ప్రీమియర్ లీగ్‌లో పదకొండేళ్ల అనుభవమున్న డేవిడ్ మోయెస్‌తో ఆరేళ్ల ఒప్పందం చేసుకుని, పది నెలలైనా నిండకుండానే తొలగించింది. 2024లో మేనేజరు క్లోప్ స్థానంలో అదే లీగ్‌లోని లివర్‌పూల్‌కు వచ్చిన ఆర్నె స్లాట్ మాత్రం, జట్టును పెద్దగా మార్చకుండానే, అంతకుముందు తుది జట్టులో చోటు ఖాయం కాని మిడ్‌ఫీల్డర్ గ్రావెన్‌బెర్క్‌ను రక్షణశ్రేణికి ముందు నిలిపి, తొలి సీజనులోనే లీగ్ టైటిల్ గెలిపించాడు. అందుకే ఇంటర్వ్యూలో పాత విజయాలు అడగడం కన్నా, క్లబ్ ఓడిపోయిన ఒక మ్యాచ్ వీడియో చూపించి, అరవయ్యో నిమిషంలో తానైతే ఎవరిని, ఎందుకు మార్చేవాడో చెప్పమనడం మేలు.