టెక్ సందేహాలు: మీ నైట్ డ్యూటీ సంగతి యాప్‌కు తెలియదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే కోవకు చెందినవి. ఆసుపత్రుల్లో పనిచేస్తూ మెడికల్ ఎంట్రన్స్‌కు చదువుతున్నవాళ్లు రాసినవి. 'టైం సరిపోవడం లేదు, ఏ యాప్ వాడమంటారు?' అన్న మాట దాదాపు అన్నిట్లోనూ ఉంది. టైం ఇచ్చే యాప్ నా దగ్గరా లేదు. ఉన్న యాప్‌లేమో మనుషులంతా పొద్దున్నే లేచి రాత్రికి పడుకుంటారనుకుని తయారుచేసినవి. చిక్కంతా అక్కడే.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. నైట్ డ్యూటీ బ్రేక్‌లో రెండు గంటలకు కూర్చుని అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో ఆ రోజు కార్డులన్నీ పూర్తి చేస్తాను. డ్యూటీ దిగి ఏడింటికి తెరిస్తే మళ్లీ 150 కార్డులు కనిపిస్తాయి! విసుగొచ్చి కొన్నాళ్లు వదిలేశాను. ఇప్పుడు 900 దాటాయి. అన్నీ డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టనా?

జవాబు: డిలీట్ మాత్రం చేయకండి. మీరేమీ తప్పు చేయలేదు, అంకీకి తెల్లవారుజామున నాలుగింటికి కొత్త రోజు మొదలవుతుంది, అంతే. రెండింటికి మీరు పూర్తి చేసినవి 'నిన్నటి' కార్డులు. ఏడింటికి కనిపించినవి 'ఇవాళ్టివి'. మీ లెక్కలో అదంతా ఒకే రాత్రి, దాని లెక్కలో రెండు రోజులు.

కంప్యూటర్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, రివ్యూ విభాగంలో 'నెక్స్ట్ డే స్టార్ట్స్ ఎట్' దగ్గర చూడండి. అక్కడ 4 అని ఉంటుంది. నైట్ దిగి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నిద్రపోయేవాళ్లయితే అక్కడ 12 పెట్టుకోండి. కొత్త రోజు మీ నిద్ర మధ్యలో మొదలవ్వాలి, అదే సూత్రం. షిఫ్ట్ మారినప్పుడల్లా ఈ అంకె మార్చకండి. ఏ షిఫ్ట్‌లోనైనా మీరు పుస్తకం ముట్టని గంట ఒకటి చూసుకుని దాన్నే ఉంచేయండి.

ఇక ఆ 900 సంగతి. ముందు కొత్త కార్డులు ఆపేయండి. మామూలుగా అంకీ రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది, రివ్యూలకు, అంటే పాత కార్డులు మళ్లీ చూడటానికి, 200 పరిమితి పెడుతుంది. డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో ఈ అంకెల పక్కనే 'టుడే ఓన్లీ' అనే ట్యాబ్ ఉంటుంది, చాలామంది దాని జోలికే పోరు. డ్యూటీ రోజున అక్కడ కొత్త కార్డులకు సున్నా, రివ్యూలకు 60 పెట్టుకుంటే ఆ ఒక్క రోజుకే వర్తిస్తుంది. 'ఈజీ డేస్' అని ఇంకో సదుపాయం ఉంది కానీ అది వారాలను బట్టి నడుస్తుంది. ప్రతి ఆదివారం సెలవుండేవాళ్లకు బాగుంటుంది, రోస్టర్ మారిపోయే మీకు పనికిరాదు.

2023 చివర్లో అంకీలోకి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త షెడ్యూలింగ్ పద్ధతి వచ్చింది. మీరు ఏది ఎప్పుడు మర్చిపోతున్నారో గమనించి, దాన్నిబట్టి కార్డు మళ్లీ ఎప్పుడు చూపించాలో లెక్కేస్తుంది. అందులో 'డిజైర్డ్ రిటెన్షన్', అంటే కార్డు మళ్లీ వచ్చేసరికి ఎంత శాతం గుర్తుండాలన్న లక్ష్యం, 90 శాతంగా ఉంటుంది. ఎంట్రన్స్ టెన్షన్‌లో దాన్ని 97కు పెంచేసేవాళ్లున్నారు. అప్పుడు రోజువారీ కార్డులు కొన్ని రెట్లు పెరుగుతాయి. ఉద్యోగం చేస్తున్నవాళ్లు 85కి దించినా నష్టం లేదని నా అభిప్రాయం. గుర్తుండేది కొంచెం తగ్గుతుంది కానీ చదువు ఆగిపోదు. పేరుకుపోయిన కుప్పలో ముందు ఏవి తీయాలో కూడా చెప్పవచ్చు. రివ్యూ వరుసను 'డిసెండింగ్ రిట్రీవబిలిటీ'కి మారిస్తే ఇంకా కాస్తో కూస్తో గుర్తున్నవి ముందొస్తాయి. పూర్తిగా మర్చిపోయినవి ఎలాగూ మళ్లీ నేర్చుకోవాల్సిందే, అవి ఆఖరున రానివ్వండి.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌కూ కంప్యూటర్‌కూ పొంతన కుదరనప్పుడు అప్‌లోడ్ చేయాలా, డౌన్‌లోడ్ చేయాలా అని అంకీ అడుగుతుంది. నిద్రమత్తులో తప్పు బటన్ నొక్కి రెండు వారాల పని పోగొట్టుకున్న ఘనత నాది. ఈమధ్య దేంట్లో చదివారో దాంట్లోంచే అప్‌లోడ్ చేయాలి.

ప్రశ్న: మా డ్యూటీ రోస్టర్ నెలకోసారి వాట్సాప్‌లో ఫొటోగా వస్తుంది. క్యాలెండర్‌లో ఒక్కొక్కటే ఎక్కించడానికి ఓపిక ఉండటం లేదు. పైగా నైట్ చేసి పగలు పడుకుంటే ఫోన్లు నిద్ర పోనివ్వవు.

జవాబు: రెండూ ఒకే దెబ్బకు తీరతాయి. గూగుల్ క్యాలెండర్‌లో 'డ్యూటీ', 'నిద్ర' అని రెండు వేర్వేరు క్యాలెండర్లు చేసుకోండి. రోస్టర్‌ను స్ప్రెడ్‌షీట్‌లో కొట్టి సీఎస్‌వీ ఫైల్‌గా సేవ్ చేసి, కంప్యూటర్ బ్రౌజర్‌లో క్యాలెండర్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఇంపోర్ట్ చేయండి. ఫోన్ యాప్‌లో ఆ వీలు లేదు. కాలమ్ హెడ్డింగులు ఇంగ్లిష్‌లోనే ఉండాలి: సబ్జెక్ట్, స్టార్ట్ డేట్, స్టార్ట్ టైమ్, ఎండ్ డేట్, ఎండ్ టైమ్. నైట్ డ్యూటీకి ఎండ్ డేట్ మర్నాటిది వేయడం చాలామంది మర్చిపోతారు. అప్పుడు డ్యూటీ మొదలవకముందే ముగిసినట్టవుతుంది. ఎక్కడైనా తప్పు జరిగితే ఆ క్యాలెండర్ ఒక్కటే తీసేసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. వేరుగా పెట్టమన్నది అందుకే.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 'డు నాట్ డిస్టర్బ్'ను గంటను బట్టే కాక క్యాలెండర్ ఈవెంట్‌ను బట్టి కూడా నడపొచ్చు. 'నిద్ర' క్యాలెండర్‌ను దానికి జోడిస్తే మీరు ఏ రోజు ఏ వేళ పడుకున్నా ఫోన్ తనంతట తానే మూగబోతుంది. ఇంట్లో ఎవరికైనా అత్యవసరమైతే ఎలా అన్న భయం వద్దు, 'రిపీట్ కాలర్స్' ఆన్‌లో ఉంచండి. అదే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి ఫోన్ వస్తే మోగుతుంది.

క్యాలెండర్‌లో చదువుకు కూడా గడులు పెట్టుకుంటారు కాబట్టి ఒక మాట. నైట్ దిగిన పొద్దున కొత్త చాప్టర్ పెట్టుకోకండి. చదివింది జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే. ఆ నిద్రను కోసి చదివితే గంటలు లెక్కకు వస్తాయి కానీ పాఠం రాదు.

ప్రశ్న: వార్డులో ఫోన్ వాడుతుంటాను. శానిటైజర్‌తో తుడిస్తే స్క్రీన్ పాడవుతుందా?

జవాబు: చేతికి రాసుకునే జెల్ వద్దు, అందులో జిగురు పదార్థాలుంటాయి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో, ఫోన్ ఆఫ్ చేసి, చార్జింగ్ రంధ్రంలోకి తడి పోకుండా మెల్లగా తుడవండి. బ్లీచ్ అసలు వద్దు. ఫోన్ కవర్‌ను కూడా విప్పి తుడవండి.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్‌ను. రోజూ చూసే కేసుల నుంచి ఫ్లాష్‌కార్డులు చేసుకోవాలనుంది. రిపోర్టులకు ఫొటో తీసి ఏఐ చాట్‌బాట్‌కు ఇస్తే ప్రశ్నలు తయారుచేస్తుందట. మంచిదేనా?

జవాబు: వద్దు. రిపోర్టు మూలన పేషంట్ పేరు, నంబరు ఉంటాయి. కత్తిరించాను కదా అంటారేమో, చాలా ఫోన్లలో కత్తిరించిన ఫొటోను ఒక్క నొక్కుతో మళ్లీ మొదటికి తేవచ్చు. ఈలోగా అసలు ఫొటో మీ క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. చాట్‌బాట్‌కు ఇచ్చాక అది మన చేతిలో ఉండదు. ఉద్యోగానికే ఎసరు.

పాఠ్యపుస్తకంలోని మీరు చదివేసిన పేజీని ఇచ్చి 'దీని మీద పది ప్రశ్నలు అడుగు' అనండి. జవాబులు మాత్రం దాన్ని అడగొద్దు. తెలియనిది కూడా తెలిసినంత ధీమాగా చెప్పేస్తుంది. జవాబు పుస్తకంలో వెతికి మీరే రాసుకోండి, ఆ వెతకడంలోనే సగం చదువు అయిపోతుంది.

మీరు ఫొటో తీయాల్సింది రిపోర్టులను కాదు, అసలు ఫొటోనే అక్కర్లేదు. మీ చుట్టూ ఉన్న పరికరాలు చూడండి. డ్యూటీలో 'ఎలా వాడాలి' అన్నది నేర్చుకుంటాం. పరీక్ష 'ఎందుకు అలా' అని అడుగుతుంది. వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్పే పల్స్ ఆక్సిమీటర్‌నే తీసుకోండి. 1970లలో జపాన్‌లో టకువో అవొయాగి దీనికి బాట వేశారు. ఆ పరికరం 660 నానోమీటర్ల ఎరుపు కాంతి, 940 దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేలి గుండా పంపి, ఏది ఎంత మింగబడిందో చూస్తుంది. ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ పీలుస్తుంది, లేనిది ఎరుపును ఎక్కువ పీలుస్తుంది. ఇక్కడే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, శరీరధర్మం మూడూ వచ్చేశాయి. కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన మనిషికి అది 98 ఎందుకు చూపిస్తుంది? కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్ ఆ ఎరుపు కాంతి దగ్గర ఆక్సిజన్ ఉన్నదానిలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి. ఇది మంచి కార్డు.

బీపీ కఫ్ గాలి వదులుతుంటే వినిపించే చప్పుళ్లను 1905లో వివరించింది రష్యన్ డాక్టర్ నికొలాయ్ కొరొత్కోవ్. రక్తప్రవాహం అల్లకల్లోలమైనప్పుడు అవి మొదలవుతాయి, సాఫీ అయినప్పుడు ఆగిపోతాయి. సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం, అదే క్యాన్యులా, వ్యాసార్థం రెట్టింపైతే, పొడవూ ఒత్తిడీ మారకుండా ఉంటే, ప్రవాహం 16 రెట్లవుతుంది. గొట్టంలో ద్రవ ప్రవాహాన్ని లెక్కేసే పాయిజ్వీ సూత్రంలో వ్యాసార్థానికి నాలుగో ఘాతం ఉంది మరి. మీ సెంట్రిఫ్యూజ్ సంగతి మీరే చూసుకోండి.

కార్డు రాసేటప్పుడు 'ఆక్సిమీటర్ ఎలా పనిచేస్తుంది?' అని పెట్టకండి. జవాబు అరపేజీ అవుతుంది, బ్రేక్‌లో ఆ కార్డు వచ్చినప్పుడల్లా దాటేస్తారు. 'ఎరుపు కాంతిని ఎక్కువ పీల్చేది ఏ హీమోగ్లోబిన్?' అని ఒక్క ముక్క అడగండి. లిఫ్టు వచ్చేలోపు జవాబు చెప్పేయొచ్చు.