మారుమనస్సు దొంగ మనసా?

సందేహం: అయ్యా, నమస్కారం. మాది పాలకొల్లు పక్క పల్లె. సార్వా మాసూళ్లయ్యాక మా సంఘం వాళ్లు చేలో పందిరి వేసి మూడు రోజులు సువార్త కూటాలు పెట్టుకుంటారు. ఈసారి రోడ్డు వారనున్న గోడ మీద "మారు మనస్సు పొందుడి, పరలోకరాజ్యము సమీపించియున్నది" అనీ, దాని కింద "విమర్శదినమున లెక్క చెప్పవలసియుండును" అనీ రాయించాం. నడుమ కిటికీ అడ్డొచ్చి "మారు" ఇటు, "మనస్సు" అటు పడ్డాయి. మా ఊరి తెలుగు మాస్టారు చూసి, "మారువేషం, మారుపేరు, మారుతాళం అన్నీ దొంగ సరుకే కదయ్యా, మారుమనస్సొక్కటే మంచిదెలా అయింది? శుభ్రంగా పశ్చాత్తాపపడండి అని రాయొచ్చుగా! విమర్శదినమేమిటి, దేవుడు పుస్తక సమీక్షలు రాస్తాడా? ఆ పొందుడి తీసేసి పొందండి అనండి" అన్నారు. "తీర్పు తీర్చు" అనడం కూడా ఒకే మాట రెండుసార్లు అనడమేనట. నవ్వులాటకే అన్నా మాకు సందేహం పట్టుకుంది. ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

సమాధానం: మాస్టారి వేళాకోళంలో ఒక నిజం ఉంది. అది కిటికీ దగ్గర ఉంది. అక్కడికి తరవాత వద్దాం.

ముందు "మారు" సంగతి. పాత తెలుగులో దీన్ని శకటరేఫంతో, అంటే బండి ఱతో, "మాఱు" అని రాసేవారు. ఇచ్చి పుచ్చుకోవడం, ఒకటి పోయి ఇంకొకటి రావడం దీని మూలార్థం. తమిళంలో మాఱు అంటే మారడం. కన్నడంలో మారు అంటే అమ్మడం, సరుకిచ్చి సొమ్ము తీసుకోవడం కదా మరి. మన "మారకం" ఆ ఇంటి పిల్లే. ఒకదాని చోట ఇంకొకటి అన్న అర్థంలో మారుపేరు, మారుతల్లి వచ్చాయి. తిరిగి ఇచ్చేది అన్న అర్థంలో మారుమాట, మారుపలుకు వచ్చాయి. ఇంకోసారి అన్న అర్థంలో "ఒక మారు, రెండు మార్లు" వచ్చాయి. పెళ్లి పంక్తిలో "ఆ చివర పప్పు మారు అడగండి" అని కేక వేస్తే రెండో వడ్డన అనే కదా! అందులో దొంగతనమేమీ లేదు. మారువేషంలో మోసం ఉంటే అది వేషంలో ఉంది, మారులో లేదు. మారుతాళం అసలు తాళంచెవి పోయినవాడికి ఆధారం, దొంగ చేతికి చిక్కినప్పుడే అది దొంగతాళం.

ఇక సమాసం. మారు తెలుగు, మనస్సు సంస్కృతం. చిన్నయసూరి చెప్పిన మూడు తరగతుల్లో ఇది మిశ్రసమాసం, అందులో తప్పు లేదు. తప్పు విడదీయడంలో వస్తుంది. "పారు నీరు", "వచ్చు నెల" అన్నట్టే "మారు మనస్సు" అని విడిగా రాస్తే అది తద్ధర్మ విశేషణమై, అంటే స్వభావాన్ని చెప్పే మాటై, కూర్చుంటుంది. పారే నీరు, వచ్చే నెల, మారే మనసు. అంటే నిలకడలేని మనసు! పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దాన్ని పొందమని ఎవరూ కూటాలు పెట్టరు. కలిపి "మారుమనస్సు" అని రాస్తే మారు నామవాచకమై, పాతదాని చోట వచ్చిన కొత్త మనసు అని అర్థమిస్తుంది. గోడ మీద కిటికీ చేసిన పని ఇదీ. "మరుమనస్సు" అని దీర్ఘం లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు. మరునాడు, మరుజన్మ వేరు, ఇది వేరు. ఇక్కడ దీర్ఘం ఉండాల్సిందే.

బైబిలు కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఉన్న మాట మెటనోయియా. "మెటా" అంటే తరవాత అనీ, మార్పు అనీ రెండర్థాలు. "నూస్" అంటే బుద్ధి, మనసు. ఇంకోసారి అన్న అర్థమూ మార్పు అన్న అర్థమూ రెండూ ఉన్న "మారు" తెలుగులో సిద్ధంగా ఉండడం అనువాదకుల అదృష్టం. తమిళ బైబిలు "మనం తిరుంబు", అంటే మనసు తిరగడం అంది. అది హీబ్రూ ప్రవక్తలు వాడిన "షూబ్" (వెనుదిరుగు) అనే మాటకు దగ్గర. తెలుగులో ఆ తిరగడం కూడా ఉంది. అపొస్తలుల కార్యములు 3:19లో "మారుమనస్సు నొంది తిరుగుడి" అని రెండు క్రియలూ పక్కపక్కనే కనిపిస్తాయి. యెహెజ్కేలు 18వ అధ్యాయంలో "మనస్సు త్రిప్పుకొని" అన్నారు. కథోలిక సంఘాల్లో "హృదయపరివర్తన" అంటారు. అదీ మంచి మాటే, కాకపోతే గోడకు పొడుగు.

"మనసు మార్చుకోండి" అంటే సరిపోదా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. సరిపోదు. బయానా ఇచ్చిన చేపల చెరువు లీజు వద్దనుకున్నా మనసు మార్చుకోవడమే, సంబంధం ఖాయమయ్యాక వెనక్కి తగ్గినా మనసు మార్చుకోవడమే. రోజువారీ తెలుగులో ఆ మాట బాగా తేలికైపోయింది.

పశ్చాత్తాపం విషయంలో మాస్టారితో నేను ఏకీభవించను. పశ్చాత్ అంటే తరవాత, తాపం అంటే మంట. పని అయిపోయాక లోపల మండడం. లెంపలు వేసుకోవడం దాని బయటి గుర్తు. అది మనసుకు కలిగే బాధ. మారుమనస్సు మనిషి తిరిగే దిక్కు. రెండిటికీ తేడా తెలియాలంటే ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చదవండి. మత్తయి 27:3లో యేసును అప్పగించిన యూదా "పశ్చాత్తాపపడి" ముప్పది వెండి నాణేలు తిరిగి తెచ్చాడు. తప్పు ఒప్పుకున్నాడు, సొమ్ము వాపసు చేశాడు, తరవాత ఉరిపోసుకున్నాడు. అక్కడ "మారుమనస్సు పొంది" అని పెడితే కథ అడ్డం తిరుగుతుంది. గ్రీకులో కూడా అక్కడున్నది మెటనోయియా కాదు, మెటామెలోమై అనే వేరే క్రియ, తరవాత వగచడం. ఇంకొకటి చూడండి. యోనా 3:10లో నీనెవె వాళ్లు చెడు నడత మానుకుంటే దేవుడు "పశ్చాత్తప్తుడై" కీడు చేయక మానాడు. ఇక్కడ దేవుడు మారుమనస్సు పొందాడని రాసిచూడండి, ఏ సంఘ పెద్దా ఊరుకోడు! దేవుడు నొచ్చుకోవచ్చు, పాపం విడిచి తిరగాల్సిన అవసరం ఆయనకు లేదు. రెండో కొరింథీ 7:10 ఈ రెంటినీ ఒకే వాక్యంలో విడదీస్తుంది. "దైవచిత్తానుసారమైన దుఃఖము రక్షణార్థమైన మారుమనస్సును కలుగజేయును." దుఃఖం ముందు, మారుమనస్సు దాని ఫలితం. దుఃఖం దగ్గరే ఆగిపోతే పశ్చాత్తాపం.

రాసేటప్పుడు ఒక మాట. పశ్చాత్ చివర త, తాపం మొదట త, కలిసి "త్త". పశ్చాతాపం, ప్రశ్చాత్తాపం రెండూ తప్పు. "పశ్చాత్తాపపడు" అంటాం, "మారుమనస్సు పడు" అనం. మారుమనస్సు పొందాలి, లేదా కలగాలి. ప్రాయశ్చిత్తాన్ని వీటితో కలపొద్దు. అది పాపం పోవడానికి చేసే క్రతువు. లేవీయకాండంలో ప్రాయశ్చిత్తార్థ దినమని ప్రత్యేకంగా ఒక రోజే ఉంది.

మారుమనస్సు వస్తే ఏం చేయాలో బాప్తిస్మమిచ్చు యోహాను చాలా లెక్కగా చెప్పాడు, లూకా 3వ అధ్యాయంలో. రెండు అంగీలుంటే ఒకటి లేనివాడికివ్వాలి. సుంకం వసూలు చేసేవాడు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోకూడదు. సిపాయి ఎవరినీ బాధపెట్టకుండా, అపనింద వేయకుండా జీతంతో తృప్తిపడాలి. ఎవడి వృత్తిలో ఎక్కడ చెయ్యి జారుతుందో అక్కడే పట్టుకున్నాడు. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న కథలో అయితే మారుమనస్సు అన్న మాటే లేదు, పని మాత్రం ఉంది. (జక్కయ్య అన్న పేరు మన ఊరి పేరులా లేదూ!)

విమర్శదినానికి వద్దాం. మాస్టారి హాస్యానికి కారణం మాట తప్పు కావడం కాదు, మాట కాలంతో జరిగిపోవడం. విమర్శలో ఉన్నది "మృశ్" ధాతువు, తాకడం, తడిమి చూడడం. "వి" చేరితే మంచీ చెడూ విడదీసి పరిశీలించడం. పరామర్శలో ఉన్నదీ అదే ధాతువు. అదిప్పుడు చావింటికి వెళ్లి పలకరించడంగా మిగిలింది, ఇది తిట్టడంగా మారింది. సాహిత్య విమర్శలో మాత్రం పాత అర్థం ఇంకా బతికుంది. మత్తయి 12:36లో "మనుష్యులు పలుకు వ్యర్థమైన ప్రతి మాటనుగూర్చియు విమర్శ దినమున లెక్క చెప్పవలసియుండును" అన్నప్పుడు అనువాదకులు ఉద్దేశించింది ఈ పరిశీలననే. గ్రీకులో అక్కడున్న "క్రిసిస్" కూడా వేరుచేయడం అన్న ధాతువు నుంచి వచ్చిందే.

ఆ వేరుచేయడం ఎలాంటిదో డెల్టా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మత్తయి 3:12లో యోహాను అన్నాడు: "ఆయన చేట ఆయన చేతిలో ఉన్నది, ఆయన తన కళ్లమును బాగుగా శుభ్రము చేసి తన గోధుమలను కొట్టులో పోసి, ఆరని అగ్నితో పొట్టును కాల్చివేయును." గ్రీకులో ఉన్న పనిముట్టు చేట కాదు, పొడుగు పిడి ఉన్న కొయ్యపార లాంటిది. నూర్చినదాన్ని దాంతో గాలిలోకి ఎగజల్లుతారు. మన కళ్లంలో ఆ పని చేసేది చేట కనక చేట అన్నారు, సరిగ్గా చేశారు. కానీ ఇది వంటింట్లో బియ్యం చెరిగే పని కాదు, ఎగరబోత. కోత మిషన్లు రాకముందు కుప్ప నూర్చాక గాలి కోసం కాచుకునేవారు. చేట తలకంటే ఎత్తున పట్టి, గాలికి అడ్డంగా, సన్నగా ధారగా జార్చాలి. గట్టి గింజ తిన్నగా కాళ్ల దగ్గర పడుతుంది, తాలు అవతల పడుతుంది, చెత్త ఇంకా అవతలకు పోతుంది. ఒక్కసారి కుమ్మరిస్తే తాలు గింజతోపాటే దిగిపోతుంది. గాలి పడిపోతే పని ఆపాల్సిందే, మరీ విసురుగా వస్తే సన్న గింజ కూడా కొట్టుకుపోతుంది. కుప్పలో ఉన్నంతసేపు గింజా తాలూ ఒకే రంగు, ఒకే ఆకారం. బరువు తెలిసేది గాలిలోనే. విమర్శదినమంటే అదీ.

సరదా ఏమిటంటే, దీనికే "తూర్పారబట్టడం" అన్న మాట కూడా ఉంది. అదీ విమర్శ దారిలోనే పోయి, ఇప్పుడు ఉతికి ఆరేయడమనే అర్థంలో మిగిలింది. తమిళంలో తూఱ్ఱు అన్నా అంతే, ధాన్యం ఎగరబోయడమూ, ఒకరిని నిందించడమూ. వేరుచేయడం నుంచి తిట్టడానికి ఎంతో దూరం లేదన్నమాట.

మరి గోడ మీద విమర్శదినం ఉంచాలా? వాక్యాన్ని వాక్యంగా ఎత్తి రాస్తుంటే ఉంచండి, కింద మత్తయి 12:36 అని వేయండి. మీ సొంత మాటల్లో అయితే "తీర్పు దినం" అనండి, కొత్తవాళ్లకు అదే అందుతుంది.

"తీర్పు తీర్చు" ద్విరుక్తి కాదు. మారు, మార్చు, మార్పు. చేరు, చేర్చు, చేర్పు. అలాగే తీరు, తీర్చు, తీర్పు. ఆట ఆడినట్టు, పాట పాడినట్టు, తీర్పు తీరుస్తాం. అప్పు తీరడం, తగవు తీరడంలో ఉన్న తీరే ఇది. ఇక మిగలదు, తేలిపోయింది అని. కోర్టు వార్తల్లో తీర్పు చెప్పారు, వెలువరించారు అంటాం. బైబిలు తెలుగులో మాత్రం తీర్చడమే వాడుక, "మీరు తీర్పు తీర్చకుడి" అన్నట్టు. తీర్పు అంటే శిక్షే అనుకునేవాళ్లు కీర్తన 26 మొదటి వాక్యం చూడాలి. అక్కడ భక్తుడు "నాకు తీర్పు తీర్చుము" అని తానే అడుగుతున్నాడు. నిర్దోషికి తీర్పు ఒక ఊరట.

"సమీపించియున్నది" జోలికి వెళ్లకండి. "సమీపిస్తోంది" అంటే ఇంకా దారిలో ఉంది. గ్రీకు క్రియ చెప్పేది దగ్గరికి వచ్చేసి అక్కడే నిలిచిందని. "సమీపించి, ఉన్నది" అన్న తెలుగు రెండు ముక్కలూ ఆ అర్థాన్ని చక్కగా పట్టుకున్నాయి. మత్తయి 3:10లో గొడ్డలి చెట్ల వేరున "ఉంచబడియున్నది" అన్నచోటా అంతే. ఇంకా దెబ్బ పడలేదు, గొడ్డలి మాత్రం పక్కకు వెళ్లలేదు. పిలుపులో తొందర అంతా ఆ "యున్నది"లో ఉంది.

పొందుడి గ్రాంథిక విధిరూపం, పొందండి నేటిది. రెండూ సరైనవే, ఒకే వాక్యంలో రెండూ కలపడమే ఎబ్బెట్టు. క్రైస్తవ మిషనరీ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టిన నాటినుంచి ఈ డెల్టా పల్లెలు ప్రార్థనలోనూ పాటలోనూ గ్రాంథికం వింటూనే ఉన్నాయి, చెవికి కొత్త కాదు. వాక్యం ఎత్తి రాస్తే పొందుడి, కూటాలకు రమ్మని పిలిచే వరసలో రండి, వినండి. పొందుడిని పొందుడు అని మాత్రం రాయించకండి. వ్యాకరణం ఒప్పుకున్నా, తిట్టుడు, కొట్టుడు విన్న చెవికి అది వేరేలా వినిపిస్తుంది.

కాబట్టి మార్చాల్సింది ఒక్కటే. పాత అక్షరాల మీద సున్నం వేయించి, మారుమనస్సును కిటికీ దాటాక మొదలుపెట్టమనండి. చోటు చాలకపోతే అక్షరం సైజు తగ్గించమనండి.